సప్తమపంక్తి సంగ్రామము

జలధరఘోరగర్జనములకు దిక్కులు పిక్కటిల్లుచుండగా, మురుగుకాలువలు మహానదీగర్వముతో వీథులకెక్కుచుండగా, పురగ్రంథాలయమునందలి గోడగడియారము మధ్యాహ్నము మూడుంబావు చూపుచుండగా (అది ఐదు నిమిషములు వెనుకబడిన గడియారమని ఊరిలో అందరికిని తెలియును, సరిచేయువాడు మాత్రము లేడు), వానాకాలపు గురువారమొకటి తన ప్రతాపమును చూపుచుండెను. ఓ శ్రోతలారా, చెవియొగ్గుడు. రాజ్యములకొరకు జరిగిన రణములను మీరు వినియే యుందురు. రమణులకొరకు జరిగినవియు వినియుందురు. అట్టముక్కపై ఒక్క వరుసకొరకు, అదియు పెన్సిలుతో వ్రాయబడు వరుసకొరకు, గొడుగుల మేస్త్రియొకడు సలిపిన మహాసంగ్రామమును నేడు వినుడు.

ఆ వీరుని నామధేయమేమని మీరడుగుదురు. మేము చెప్పము. గర్వముచేత కాదు, భయముచేత. ఆ పేరు ఇచ్చట ఉచ్చరించినచో మీలోనే ముగ్గురు లేచి "ఏంటండీ?" అందురు, కథ అచ్చటనే ఆగిపోవును. ఆ ఊరిలో ఆ పేరు అంతటి విస్తారముగలది. నాలుగువీథుల కూడలిలో నిలిచి ఆ పేరు పెట్టి పిలిచినచో ఇద్దరు తలత్రిప్పుదురు, ఒకడు సైకిలు ఆపును, మేడపైనుండి ఒక ఇల్లాలు "ఆయన ఇంట్లో లేరు" అనును.

ఇట్టి పేర్ల చరిత్రనంతయు గర్భమున దాల్చి ఆ గ్రంథాలయమున పేర్ల బీరువా అను టేకుదుర్గమొకటి వెలసియున్నది. నూటయిరువది సొరుగులు, ప్రతి సొరుగునిండ అరచేతి వెడల్పు కార్డులు. ఊరిలో చెలామణియగు ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క కార్డు. తలపై పేరు, దానిక్రింద రెండు వరుసలలో ఆ పేరెట్లు పుట్టెనో ఆ వృత్తాంతము, ఆ క్రింద ఏడే ఏడు వరుసలు. ఆ పేరుతో పుట్టి ఊరికి పనికివచ్చిన పని చేసినవారికి మనిషికొక వరుస. ఎనిమిదవ వరుసకు తావులేదు. "ఒక వరుసలో పట్టని గొప్పతనం గొప్పతనం కాదు" అని గ్రంథాలయస్థాపకుడైన పెద్దమనిషి శాసించి, కార్డులను ఆ కొలతకే కోయించి, తన పేరుగల కార్డున మొదటి వరుస మాత్రము తానే వ్రాసికొని కీర్తిశేషుడయ్యెను.

కీర్తి ఎక్కుటకు ఇంకొక మెట్టు గలదు. అచ్చులో ఆధారము చూపినపిమ్మట మొదట పెన్సిలుతో వ్రాయుదురు. ఒక సంవత్సరముపాటు ఎవ్వరును కాదనకున్నచో, గడువు నిండిన దినమున సాయంకాలము నాలుగున్నరకు పెన్సిలుపై సిరా దిద్దుదురు. సిరా పడినదానిని ఇక బ్రహ్మదేవుడు వచ్చినను దిద్దజాలడు, ఆయనకును ఫారము కావలయును.

మన వీరుని పేరుగల కార్డున ఆరుగురు మహానుభావులు ఆరు వరుసలను ఆక్రమించి విరాజిల్లుచుండిరి. అబద్ధమాడువాని చెవులు చూచియే పట్టివేసిన పూర్వకాలపు న్యాయాధిపతి మొదటివాడు. రంగస్థలముపై ఆరువందలసార్లు మరణించి, చివరకు ఇంట పడకపై మరణించిన నటుడు రెండవవాడు. మూడు వంతెనలు గట్టిన ఇంజనీరు మూడవవాడు. ఆయన సజీవుడు, అనుదినము గ్రంథాలయపు కిటికీప్రక్క కుర్చీలో వార్తాపత్రికతో దర్శనమిచ్చువాడు. నదిని వెల్లకిల ఈదిన ఈతగాడు, దంతములపై మూడువందల పుటల గ్రంథము వ్రాసిన పంటి డాక్టరు, పిదప ఒక గాయని. ఆడుబిడ్డకు ఆ పేరేల పెట్టిరని అడుగు ధైర్యము ఊరిలో ఎవ్వరికిని లేకపోయెను. పేరు పుట్టుకనుగూర్చిన రెండు వరుసలలో "విజేత అని అర్థమని కొందరు, పొద్దుపొడుపు అని మరికొందరు. ఇంకా తేలలేదు" అని యుండెను. ఏడవ వరుస వెన్నెలవలె తెల్లగా ఖాళీగా నుండెను.

ఆ ఆరుగురి కీర్తిభారమును అరువదినాలుగేండ్లుగా మోయుచున్న దీనుడే మన గొడుగుల మేస్త్రి. పంటినొప్పివారు అతని ఫోనునకు చేసి మూలుగుచుందురు. గాయనికి వచ్చిన అభిమానుల ఉత్తరములు అతని కొట్టుకు వచ్చుచుండును, వానిలో రెండింటికి మొహమాటముచేత అతడు జవాబులుకూడ వ్రాసెను. ఒకపరి వంతెనక్రింద ఈతపోటీల ప్రారంభోత్సవమునకు అతనిని కారులో తీసికొనిపోయి, దండవైచి, చొక్కా విప్పుమనిరి. పేరు గొప్ప ఊరు దిబ్బ యను సామెత ఎవనికొరకు పుట్టెనో తెలియదుగాని, అతడు మాత్రము దానిని ఇంటి గుమ్మమునకు కట్టుకొన్నవానివలె బ్రదికెను.

అట్టివాని జీవితమున ఒక్క మహాకార్యము జరిగెను. సంవత్సరము క్రిందట, కుంభవృష్టి కురియుచున్న దినమున, బాగుచేసిన నలువదిరెండు గొడుగులను తోపుడుబండిపై పెట్టుకొని ఇంటింట అప్పగింపబోవుచు అతడు గ్రంథాలయము ముందునుండి పోవుచుండెను. లోపలినుండి అప్పటి ముసలి గ్రంథపాలకుడు "కప్పు కారిపోతోంది, కార్డులు తడిసిపోతున్నాయి" అని గోలుగోలున అరచెను. మేస్త్రి మారుపలుకక బండితోసహా లోనికి జొరబడి, నలువదిరెండు గొడుగులను విప్పి, బీరువాపై పెంకులవలె పేర్చి, జారినదానిని చేతబట్టి, కాలితో ఒకదానిని, భుజముతో ఒకదానిని ఆపి, రెండుగంటలు కదలక నిలిచెను. ఊరిలోని సమస్త నామములు ఆనాడు అతని చంకలక్రింద పొడిగా నిలిచినవి.

మరునాడు పత్రికలో వార్త వచ్చెను. పేరు వచ్చెను. వృత్తి రాలేదు. ముసలి గ్రంథపాలకుడు ఆ వారమే పదవీవిరమణముచేసి ఊరు విడిచిపోయెను. క్రొత్తగా వచ్చిన కార్డుల మేడమ్ ఆ వార్తను చదివి, కార్డు తీసి, ఈ పేరుగలవారిలో నిలబెట్టు పని వచ్చినవారెవరా యని పరికించి, వంతెనలు నిలబెట్టినవాడు గొడుగులు నిలబెట్టలేడా యని తర్కించి, మూడవ వరుసకొనను "గొడుగులతో కార్డులను కాపాడినవారు" అని పెన్సిలుతో చేర్చెను. కీర్తి యెప్పుడును అట్టిదే, ఉన్నవాని ఇంటికే వెదకికొని పోవును. సొమ్మొకడిది, సోకొకడిది.

మన వీరుడో, తన కీర్తిని తానే సొరుగులాగి చూచికొనుట లేకితనమని యెంచి, సంవత్సరముపాటు ఆ బీరువావైపు కన్నెత్తి చూడలేదు. ఏడవ వరుస తనదేయని కొట్టుకు వచ్చినవారికెల్ల చల్లగా చెప్పుచు వచ్చెను. బుధవారమునాడు ఒక గొడుగు అప్పగింపవచ్చి, ఆశ యాపుకొనలేక, సొరుగు లాగెను. ఏడవ వరుస ఖాళీ. మూడవ వరుసలో తన రెండు గంటలు, తన చంకలు, తన నలువదిరెండు గొడుగులు మరియొకని వంతెనల ప్రక్కన కూర్చుండియుండెను. గడువు మరునాడే నిండుననియు అచ్చటనే తెలిసెను. అతనికి కంటనీరు తిరిగెను, అది నిజము, ఇందు పరిహాసము లేదు. పుట్టి యరువదినాలుగేండ్లకు తాను చేసిన ఒక్క పనియు తనది కాకపోవుచున్నది.

కనుకనే గురువారము మూడుగంటలకు అతడు ఫారము చేతబట్టి రణప్రయాణోన్ముఖుడయ్యెను. వెంట అతని అక్క బయలుదేరెను. ఆమెకు డెబ్బదియారేండ్లు, తల్లి పోయినపిమ్మట తమ్ముని పెంచినది ఆమెయే. ఫారమున నాలుగవ గడి "ఈ పేరు మీకు ఎవరు, ఎందుకు పెట్టారు" అనునది. దానికి ఇంటి పెద్దలెవరైన స్వయముగా వచ్చి జవాబు చెప్పి సంతకము చేయవలయునని నియమము. ఆమె మడమలవరకు దిగిన పసుపుపచ్చ రెయిన్‌కోటు ధరించి కవచధారిణియై గుమ్మమున నిలిచెను.

"ఒరేయ్, ఇంత వానలో గొడుగు లేకుండా బయల్దేరావేంట్రా?"

"కొట్లో ఉన్నవన్నీ ఊళ్ళోవాళ్ళవే అక్కా. నాది రిపేరులో ఉంది."

"ఎవరి దగ్గర?"

"నా దగ్గరే."

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగేళ్ళు."

"అందుకే నేను కోటు కొనుక్కున్నాను" అని పలికి ఆమె వానలోనికి నడచెను. ఫారమును చొక్కాలోపల దాచుకొని వీరుడు వెనుక పరుగెత్తెను.

గ్రంథాలయమున కౌంటరుముందు తొమ్మిదిమంది వరుసగట్టి నిలిచియుండిరి. పుస్తకములు తిరిగి ఇచ్చువారు, జరిమానాకు సాకులు చెప్పువారు, వానకు తలదాచుకొని ఏదో పనియున్నట్లు నటించువారు. ఆ నవవ్యూహమును ఛేదించునప్పటికి గడియారము నాలుగయ్యెను. కార్డుల మేడమ్ ఫారములను తీసి, కళ్ళజోడు సవరించుకొని, కంచుకంఠముతో ఆ పేరును పిలిచెను. అంతట కిటికీప్రక్కన ఇంజనీరు లేచెను. పత్రికల బల్లకడ పంటి డాక్టరు లేచెను. తలుపుకడ ఎవ్వరికిని తెలియని ఒకడు "నేనేనా?" అనెను. మేస్త్రి చేయెత్తెను.

"ఫారం ఇచ్చినవాళ్ళొక్కళ్ళే రండి, మిగతావాళ్ళు కూర్చోండి" అని మేడమ్ ఆజ్ఞాపించెను. ఇది ఆమెకు క్రొత్తకాదు, దినమునకు నాలుగైదుసార్లు జరుగునదే.

అప్పుడు వీరుడు రొమ్ము విరిచి, ఉదయమునుండి కుట్టుపని చేయుచు కంఠస్థముచేసిన ప్రసంగమును మేఘగంభీరస్వరముతో నెత్తికొనెను:

"ఓ నామపత్రపరిపాలనాధురంధరీ! ఏడాదినాడు ఆకాశము చిల్లిపడి అఖిలనామధేయములును జలసమాధినొందనున్నవేళ, ద్విచత్వారింశచ్ఛత్రములను ధరించి, ఊచకు ఊచ తాకించి, హోరాద్వయకాలము నిశ్చలుండనై నిలిచినవాడను నేను! నా బాహుమూలములసాక్షిగ, నేడు నాకు వలసినది రాజ్యము కాదు, రత్నము కాదు, ఒక్క వరుస!"

తలుపుకడ నున్నవాడు చప్పట్లు కొట్టబోయి మానెను.

"నాలుగో గడి ఖాళీగా ఉంది మేస్త్రి గారూ" అని మేడమ్ పలికెను.

"అక్క వచ్చింది మేడమ్, చెప్తుంది. ముందు ఆ మూడో వరుస సంగతి చూడండి. ఆ పని నేను చేసింది."

ఇంజనీరు పత్రికను మడచి మెల్లగా వచ్చి నిలిచెను. ఎనుబదియేండ్లవాడు, మర్యాదస్తుడు, అసత్యమాడి యెరుగనివాడు. అదియే విపత్తు. సంవత్సరముపాటు ఊరివారు కనబడినపుడెల్ల "గొడుగులతో భలే కాపాడారండీ" అని చేయి కలుపుచు రాగా, మొదటి నెలలో కాదనెను, రెండవ నెలలో నవ్వి యూరకుండెను, ఆరవనెలకు ఆ దినము ఆయనకు కన్నులకు కట్టినట్లు జ్ఞప్తికి రాసాగెను.

"ఏం మేస్త్రీ, పొరబడ్డట్టున్నావు" అని ఆయన దయతో ననెను. "ఆ రోజు ఉన్నది నేను. నాకు బాగా గుర్తు. హోరున వాన. చేతులు లాగేశాయి. ఇంటికెళ్ళి వేడినీళ్ళు కూడా పెట్టించుకున్నాను."

"ఎన్ని గొడుగులండీ?" అని మేడమ్ అడిగెను.

"లెక్కపెట్టే తీరికెక్కడిదమ్మా ఆ హడావిడిలో."

"నలభై రెండు" అని మేస్త్రి యనెను. "పదకొండు ఆడవాళ్ళవి. ఒకటి చంటిపిల్లల బండిది."

మేడమ్ ఇరువురిని మార్చిమార్చి చూచెను. పిదప చూపుడువ్రేలిని పైకెత్తెను. పేర్ల బీరువా శిఖరమున, ఈశాన్యపుమూల, నల్లని గొడుగొకటి సంవత్సరమునుండి విప్పినది విప్పినట్లే రెండు లావుపాటి నిఘంటువుల నడుమ నాటుకొనియుండెను. కప్పు బాగుచేయుడని పై కార్యాలయమునకు మూడు ఉత్తరములు పోయినవి. "గొడుగు ఉన్నందున ప్రస్తుతం కారుట లేదు, కావున అత్యవసరం కాదు" అని మూడింటికిని ఒకటే జవాబు వచ్చెను. గొడుగుపై పడిన నీరు జారి క్రింద కుండీలో పడుచుండెను, ఆ మొక్కయొక్కటే ఆ యేడాది బాగుపడినది.

"ఆ గొడుగు ఆ రోజుదే" అని మేడమ్ పలికెను. "మూద్దామని నేనూ చూశాను, అటెండరూ చూశాడు, మూసుకోలేదు. దాన్ని విప్పినవాళ్ళెవరో వాళ్ళకి మూయడం కూడా తెలిసుండాలి కదా. ఎవరు ముందు?"

ఇట్లు ద్వంద్వయుద్ధము నిర్ణయమయ్యెను. జనము మూగెను. సేతుత్రయనిర్మాణపారంగతుడు స్టూలునెక్కి గొడుగును నిఘంటువులనుండి పెకలించి, బీరువాపైననే పట్టుకొని, ముందుగా దాని భారమెటు పోవుచున్నదో పరీక్షించి, మీట నొక్కెను. కదలలేదు. రెండు బొటనవ్రేళ్ళతో నొక్కెను. కదలలేదు. నదులను లొంగదీసిన ఆ హస్తములు, ఉక్కుదూలములకు తలవంచుట నేర్పిన ఆ హస్తములు, గుప్పెడు ఊచలతో పెనుగులాడి పెనుగులాడి, తుదకు జారెడు గొట్టము వెనుదిరిగి బొటనవ్రేలిని కరువగా, "అబ్బా" అని వెనుదీసినవి.

"ఇది డిజైన్ లోపం" అని తీర్మానించి, గొడుగును మరల బీరువాపై ఆనించి, వ్రేలు నోటబెట్టుకొని ఆయన దిగెను.

మేస్త్రి స్టూలునెక్కెను. పిడిని ఎడమకు సగము త్రిప్పెను. మూడవ ఊచను గోటితో ఒక్క తట్టు తట్టెను. ఏడాదిపాటు ఎవ్వరికిని లొంగని ఆ ఛత్రరాజము అలిసిన పక్షి రెక్కలు ముడిచినట్లు చటుక్కున ముడుచుకొనెను. అతడు మూడవ ఊచమొదట నున్న ఎఱ్ఱదారపు ముడిని అందరికి చూపెను. అతడు బాగుచేసిన ప్రతి గొడుగునకును అచ్చటనే ఆ ముడి యుండునని ఊరంతకు తెలియును.

"చూశారా" అని విజయోత్సాహముతో ఇంకను నేమో యనబోవునంతలో, ఏడాదిగా అణగియున్న శత్రువు పైనుండి విజృంభించెను. టప్పున ఒక చుక్క బీరువాపై పడెను. రెండవది తెరచియున్న సొరుగులో పడెను. మూడవది ధారయే. మేడమ్ కెవ్వుమనెను. పంటి డాక్టరు తన పుస్తకమును తలపై పెట్టుకొనెను, అది ఎవరికైన ఉపయోగపడుట అదే తొలిసారి. మేస్త్రి మాత్రము మాటను గొంతులోనే మ్రింగి, గొడుగును ఫటాలున విప్పి, రెండు చేతులతో బీరువాపైకెత్తి, స్టూలుపై మునివ్రేళ్ళమీద కదలక నిలిచెను. నీరు అతని మోచేతులగుండ కారి చొక్కాలోనికి పోవుచుండెను. దిగుమని ఎవ్వరును చెప్పలేదు, దిగవలయునని అతనికి తోచలేదు.

అట్లు నిలిచినవానిని చూచినపిమ్మట ఇంక సాక్ష్యముతో పనిలేకపోయెను. ఇంజనీరు తలయెత్తి చూచి, జేబులోనుండి తన రబ్బరును తీసెను. పదవిలో నుండగా అలవాటైనది, ఎప్పుడును జేబులోనే యుండును.

"ఇవ్వండమ్మా ఆ కార్డు, నేనే తుడిచేస్తాను" అనెను. "నేను కాదు. నాకు తెలుసనుకుంటాను. మూడు వంతెనలు కట్టాను, ఒక్కడూ వచ్చి బాగుందనలేదు. గొడుగుల గురించి మాత్రం రోజూ ఎవరో ఒకరు చెయ్యి కలిపేవాళ్ళు. అందుకని గుర్తుండిపోయింది."

మేస్త్రికి ఆయనపై నున్న కోపము గొడుగుక్రిందనే కరగిపోయెను.

గడియారము నాలుగు గంటల ఇరువది నిమిషములు. మిగిలినది నాలుగవ గడి. మేడమ్ కలమును విప్పి అక్కవైపు తిరిగెను. "చెప్పండమ్మా. ఈ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు?"

"అక్కా, విజేత అని అర్థమని చెప్పు" అని స్టూలుపైనుండి వీరుడు హెచ్చరించెను. "కార్డు మీద ఉన్నదే. లేకపోతే నాన్న చెప్పినట్టు చెప్పు, ఆ న్యాయాధిపతి గారి పేరు పెట్టారని."

"నువ్వు పైన గొడుగు చూసుకో" అని అక్క పలికి, రెయిన్‌కోటు గుండీలు విప్పుకొని కుర్చీలో కూర్చుండెను. "అమ్మాయ్, పేరు పెట్టింది నేను. నాకప్పుడు పన్నెండేళ్ళు. నాన్న ఊళ్ళో లేడు. అమ్మకి నొప్పులొస్తే నేనే బస్సెక్కించాను. రెండు స్టాపులు దాటేసరికి అమ్మ సీట్లో కూర్చోలేక కిందకి జారిపోయింది. కండక్టరు చూశాడు. ఆస్పత్రి ఇంకా తొమ్మిది స్టాపులుంది. రైట్ రైట్ అన్నాడు. అంతే, ఎక్కడా ఆపనివ్వలేదు. జనం లేచి తలుపు కొడుతున్నారు, ఆఫీసులకి ఆలస్యమైపోతోందని ఆయన్ని పేరు పెట్టి తిడుతున్నారు. ఆయన చెవిన పెట్టలేదు. రైట్ రైట్ అంటూనే ఉన్నాడు. బస్సుని ఆస్పత్రి గుమ్మంలోకి తీసుకెళ్ళి ఆపించాడు. ఇంకో పది నిమిషాలకి వీడు పుట్టాడు. ఆయన పేరు నాకు ఆ తిట్లలోనే తెలిసింది. అదే పెడదామన్నాను. అమ్మ సరేనంది."

పైన గొడుగు ఒక ప్రక్కకు ఒరుగగా, నీటిచుక్కయొకటి కౌంటరుపై పడెను.

"మరి నాన్న..." అని వీరుడనెను. లోపల పెద్ద ప్రసంగమే యుండెను గాని, రెండు మాటలే బయటికి వచ్చినవి.

"కండక్టరు పేరు పెట్టామని చెప్పుకోవడానికి నాన్నకి చిన్నతనం. ఎవరడిగినా జడ్జిగారి పేరనేవాడు. పోనీలే, నాన్న పరువెందుకని ఊరుకున్నాను. ఇవాళ సంతకం పెట్టమంటున్నారు. అబద్ధం మీద పెట్టలేను కదా." పిదప మేడమ్‌తో ననెను: "ఆ ఏడో వరుస ఖాళీగా ఉందిగా. అందులో ఆయన్ని రాయండి. ఊరికి పనికొచ్చిన పనే చేశాడు. మా వాణ్ణి తెచ్చి అప్పగించాడు."

"అచ్చులో ఆధారం ఉండాలమ్మా."

అక్క కోటులోపలి జేబునుండి కళ్ళజోడు డబ్బా తీసి, అందుండి పచ్చబడిన కాగితపుముక్కను తీసి, బల్లపై పరచెను. అరువదినాలుగేండ్ల క్రిందటి పత్రికలో వచ్చిన పాఠకుని లేఖ అది. ఫలానా పేరుగల కండక్టరు తొమ్మిది స్టాపులలో బస్సు ఆపక ప్రయాణికులను ఇక్కట్లపాలు చేసెనని, అతనిపై తగిన చర్య తీసికొనవలయునని అందు వ్రాయబడియుండెను. పేరు స్పష్టముగా అచ్చుపడియుండెను. వృత్తియు పడియుండెను. తిట్టునప్పుడు జనము వివరములను మరువరు.

నాలుగు గంటల ఇరువదియైదు నిమిషములు. ఇప్పుడు చూడుడు వీరుని హృదయమున చెలరేగిన రెండవ యుద్ధమును, మొదటిదానికన్న ఘోరమైనదానిని. వరుస ఒక్కటే. దానికొరకు అరువదినాలుగేండ్లు నిరీక్షించెను. ఇంజనీరును జయించెను, మీటను జయించెను. ఇప్పుడు ఎదుట నిలిచినది ముఖము తెలియని బస్సు కండక్టరు. నోటిదాకా వచ్చిన ముద్దను ఎవరు వదలుకొందురు? వదలకున్నచో ఎట్లు మ్రింగుడుపడును? విజేత కాదు, పొద్దుపొడుపు కాదు, న్యాయాధిపతి కాదు. తన పేరునకు మొదట అర్థము ఒక తిట్టు, ఆ తిట్టునకు అర్థము తానే. అతని మోచేతులు లాగుచుండెను. కండక్టరునకును ఆనాడు చేతులు లాగియుండునని, కమ్మీ పట్టుకొని తలుపునకు అడ్డముగా నిలిచియుండునని, అతనికి తోచెను.

"మేడమ్" అని పైనుండి పిలిచెను. "చెరి సగం చెయ్యండి."

"వరుస ఒక్కటేనండీ. ఇద్దరెలా?"

"మనిషికొక వరుస అని రూలుంది" అని ఇంజనీరు రబ్బరుపొడి ఊదుచు ననెను. "వరుసకి ఒక్క మనిషే ఉండాలని ఎక్కడా లేదు. నేను ముప్ఫై ఏళ్ళు రూళ్ళ కిందే బతికాను."

మేడమ్ నియమావళి తెరచి చూచెను. నిజముగా లేదు. ఆమె పెన్సిలును చెక్కెను. మొన ముతకగా నున్నదని మరల చెక్కెను. కార్డుపై వంగి, చీమలబారువంటి అక్షరములతో ఏడవ వరుసలో ఇట్లు వ్రాసెను: "తొమ్మిది స్టాపులు ఆపని కండక్టరు; నలభై రెండు గొడుగులు పట్టిన మేస్త్రి."

పట్టెను. చివరి అక్షరము కార్డు అంచును తాకి ఆగెను. పేరు పుట్టుకయెదుట "ఇంకా తేలలేదు" అను మాటను మాత్రము ఆమె కదపలేదు, దానికి వేరొక ఫారము కలదు.

"సిరా ఏడాది తర్వాతే" అని మేడమ్ పలికెను. "ఈలోపు ఎవరైనా అభ్యంతరం చెప్తే చెరిపేయాల్సి వస్తుంది."

"ఏడాదే కదా" అని అక్క సంతకము చేయుచు ననెను. "అరవై నాలుగేళ్ళు ఆగాను."

గొడుగును మరల నిఘంటువుల నడుమ నాటి, నీటిబొట్టు మరల కుండీలోనికే పోవుచున్నదని సరిచూచి, వీరుడు నేలకు దిగెను. ఇంజనీరు వాచిన బొటనవ్రేలితోనే అతని చేయి కలిపి, "గొడుగులతో భలే కాపాడారండీ" అని మనస్ఫూర్తిగా ననెను. అతనికి ఆ మాట వినుట అదే మొదలు.

వెలుపల వాన తగ్గలేదు. మెట్లపై అక్క నిలిచి, తమ్ముని తడిసిన తలను ఒకసారి చూచి, రెయిన్‌కోటు ఎడమప్రక్క ఎత్తి "రా" అనెను. అతడు వంగి దానిక్రింద దూరెను. కోటు ఇద్దరికి చాలదు, ఎడమభుజము అతనిది, ఎడమమోచేయి ఆమెది తడియుచునే యుండెను.

ఓ శ్రోతలారా, కొండను త్రవ్వి ఎలుకను పట్టెనని మీరు నవ్వుదురేమో. నవ్వుడు. గెలిచినది అర వరుస, అదియు పెన్సిలుతో, అదియు ఒక సంవత్సరముపాటు. ఐనను ఆ సాయంకాలము నాలుగువీథుల కూడలిలో ఎవడో ఎవనినో ఆ పేరు పెట్టి గట్టిగా తిట్టగా, ఇద్దరు తలత్రిప్పిరి, ఒకడు సైకిలు ఆపెను, పసుపుపచ్చ కోటుక్రిందనుండి గొడుగుల మేస్త్రి "ఆఁ, నేనే" అని పలికెను.